సిమెంటు ఆగిన గీత: సరిహద్దు పట్టణాల్లో వీధి రోడ్డు ఎవరిది?

మా వీధి మొదట్లో సిమెంటు రోడ్డే. దాని మీద రెండు వందల అడుగులు నడిస్తే ఓ చింతచెట్టు వస్తుంది. చెట్టు దాటగానే సిమెంటు కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. అక్కడినుంచి ఎర్రమట్టి, గులకరాళ్లు, వానాకాలమైతే పిక్కల దాకా బురద. ఇళ్లు మాత్రం ఆగలేదు. చెట్టుకు ఇవతల పద్దెనిమిది ఇళ్లుంటే అవతల నలభై దాకా ఉన్నాయి. కిందటి వానల్లో మాకు పిన్ని వరసయ్యే ఆవిడ ఎక్కిన ఆటో అక్కడే దిగబడింది. మందుల సంచీ చేత్తో పట్టుకుని బురదలో నిలబడి ఆవిడ అడిగింది: "ఏటి బాబూ, ఇక్కడికి సిమెంటు అయిపోనాదా, ఊరే అయిపోనాదా?"

రెండూ అక్కడే అయిపోయాయి. ఆ చింతచెట్టు దగ్గరే మున్సిపాలిటీ హద్దు ముగిసి గ్రామపంచాయతీ మొదలవుతుంది. మాది ఒడిశా సరిహద్దులో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే పట్టణం. పేరు చెప్పడం లేదు, చెప్పాల్సిన పని కూడా లేదు. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం, వీటిలో ఏ ఊరి శివారుకు వెళ్లినా ఇలాంటి గీత ఒకటి కనిపిస్తుంది.

ఆ బురద గురించి నేను మూడు ఆఫీసులు తిరిగాను. మొదటి చోట, చెట్టు అవతల మాది కాదన్నారు. రెండో చోట, ఈ ఏడాది పనుల జాబితా అయిపోయింది, అయినా ఆ దారి రికార్డులో రోడ్డుగా లేదు కదా అన్నారు. పైపు కోసం చెట్టు ఇవతలి సిమెంటును తవ్విపోయిన మూడో వాళ్లు, పూడ్చడానికి కట్టాల్సిన డబ్బు ఎప్పుడో కట్టేశామన్నారు. ముగ్గురూ అబద్ధం చెప్పలేదని తర్వాత కాగితాలు చూస్తే తెలిసింది. నాకు అసలు బాధ అక్కడే మొదలైంది. ఎవరి మాట వాళ్లకు నిజమే అయినప్పుడు, మనిషి బురదలో ఎందుకు నిలబడాల్సి వస్తోంది? ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసమే.

మనం రోడ్డంటే ఒకటే అనుకుంటాం. ఆఫీసు లెక్కలో అది నాలుగు విడివిడి విషయాలు: కింద నేల ఎవరిది, పైన పొర ఎవరు వేశారు, పాడైతే ఎవరు బాగుచెయ్యాలి, తవ్వడానికి అనుమతి ఎవరిస్తారు. ఈ నాలుగూ ఒకే చేతిలో ఉన్న రోడ్లు మన పట్టణాల్లో తక్కువ.

రాయగడనే తీసుకోండి. ఊరి మీదుగా పోయే పెద్ద రోడ్డు 326వ నంబరు జాతీయ రహదారి. అస్కా వైపు నుంచి వచ్చి కోరాపుట్, జయపురం మీదుగా మల్కనగిరి వైపు పోతుంది. పట్టణం మధ్యలో ఉన్నా దాని మీద మున్సిపాలిటీకి హక్కు లేదు. పక్కన మురుగుకాలువ తవ్వాలన్నా రహదారి అధికారుల అనుమతి కావాలి. జాతీయ రహదారుల భూమి, ట్రాఫిక్ మీద అధికారం గురించి 2002లో కేంద్రం ప్రత్యేకంగా చట్టమే చేసింది. పర్లాకిమిడికి 326ఏ రహదారి ఉంది. అది మోహన నుంచి వచ్చి మన నరసన్నపేట దగ్గర 16వ నంబరు రహదారిలో కలుస్తుంది. ఆ 16వ నంబరు రహదారే బరంపురం మీదుగా ఇచ్ఛాపురం వస్తుంది. వీటి తర్వాత రాష్ట్ర వర్క్స్ డిపార్ట్‌మెంట్ రోడ్లు, జనం ఆర్ అండ్ బి అనేవి. ఊరి చుట్టూ పల్లెల్ని కలిపే రోడ్లు రూరల్ డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్‌వి. స్టేషన్ చుట్టూ ఉన్న కాలనీ రోడ్లు రైల్వేవి. ఇవన్నీ పోగా మిగిలిన వీధులూ సందులూ మున్సిపాలిటీకి వస్తాయి. మనిషి ఇంటి గుమ్మం దిగితే మొదట కాలు పెట్టేది వాటి మీదే. అన్నిటికంటే తక్కువ డబ్బున్నది కూడా వాటికే.

చట్టం ఏమంటుందో చూద్దాం. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రోడ్లు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి, జాతీయ రహదారులు తప్ప. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ పన్నెండో షెడ్యూల్ను చేర్చింది. మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ 18 అంశాల్లో రోడ్లు, వంతెనలు నాలుగోది. పంచాయతీల కోసం 73వ సవరణ తెచ్చిన పదకొండో షెడ్యూల్లో కూడా రోడ్లు ఉన్నాయి. "అప్పగించదగ్గ" అన్న మాట గమనించాలి. ఏది ఎంత అప్పగించాలో నిర్ణయించేది రాష్ట్రమే. ఒడిశాలో ఆ పని 1950 నాటి మున్సిపల్ చట్టం, బరంపురం లాంటి కార్పొరేషన్లకైతే 2003 నాటి చట్టం చేస్తున్నాయి.

మన ప్రాంతంలో ఇంకో ముడి ఉంది. బయటివాళ్లకు ఇది పెద్దగా తెలియదు. పాత కోరాపుట్ జిల్లా మొత్తం, అంటే ఇప్పటి రాయగడ, కోరాపుట్, నవరంగపూర్, మల్కనగిరి, ఐదో షెడ్యూల్ ప్రాంతం, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. రాజ్యాంగంలోని 243జెడ్‌సి అధికరణం ప్రకారం మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు నేరుగా వర్తించదు. పార్లమెంటు ప్రత్యేక చట్టం చేస్తేనే వర్తిస్తుంది. పంచాయతీలకు అలాంటి చట్టం 1996లో వచ్చింది, అదే పెసా. పట్టణాల కోసం 2001లో ఓ బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. అందుకే శివారు పల్లెను మున్సిపాలిటీలో కలుపుతామంటే అక్కడి గిరిజన కుటుంబాలు భయపడతాయి. పెసా కింద గ్రామసభకు ఉన్న హక్కులు పోతాయి. వాటి స్థానంలో వచ్చేది వార్డు కౌన్సిలర్, ఇంటిపన్ను నోటీసు. రోడ్డు వస్తుందన్న ఆశ ఒకవైపు, హక్కు పోతుందన్న భయం ఇంకోవైపు. ఆ భయాన్ని అభివృద్ధికి అడ్డం అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. పట్టణాలకూ పెసా లాంటి రక్షణ రాకపోవడం పార్లమెంటు వదిలేసిన బాకీ.

ఇక డబ్బు సంగతి. మున్సిపాలిటీకి డబ్బు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి సొంత పన్ను, రెండోది పైనుంచి వచ్చే గ్రాంటు. సొంత పన్నుల్లో మా వైపు అందరికీ తెలిసినది హోల్డింగ్ ట్యాక్స్, అంటే ఇంటిపన్ను. ఒకప్పుడు ఇంతకంటే పెద్ద ఆదాయం ఆక్ట్రాయ్. ఊళ్లోకి సరుకు లారీ రావాలంటే గేటు దగ్గర ఆగి డబ్బు కట్టేది. మా నాన్నగారి తరానికి ఆ గేట్లు బాగా గుర్తు. 1999లో ఒడిశా ఎంట్రీ ట్యాక్స్ చట్టం చేసి ఆక్ట్రాయ్‌ను తీసేసింది. ఎంట్రీ ట్యాక్స్ రాష్ట్రానికి పోయేది, అందులోంచి పట్టణాలకు నష్టపరిహారంగా ఇచ్చేవారు. 2017 జులైలో జీఎస్టీ వచ్చి ఎంట్రీ ట్యాక్స్‌ను కూడా మింగేసింది. పట్టణం తన గేటు దగ్గర తానే వసూలు చేసుకున్న డబ్బు ఇలా రెండు మెట్లెక్కి పైకి పోయింది. ఇప్పుడు ఎవరో ఇస్తే పుచ్చుకునేదయింది. ఊరు పెరిగితే, వ్యాపారం పెరిగితే, లారీలు పెరిగితే రోడ్డు అరుగుతుంది. ఆ లారీల మీది ఆదాయం మాత్రం ఊరి చేతికి నేరుగా రాదు. మోటారు వాహనాల పన్ను కూడా రాష్ట్రానిదే. పెట్రోలు, డీజిల్ మీది రోడ్డు సెస్సు కోసం 2000లో చేసిన కేంద్ర చట్టంలో జాతీయ రహదారులకు, పల్లె రోడ్లకు, రాష్ట్ర రోడ్లకు, రైల్వే భద్రతకు వాటాలు రాశారు. పట్టణాల్లోని వీధి రోడ్లకంటూ అందులో విడి వాటా లేదు. మన స్కూటర్లో పోసుకున్న ప్రతి లీటరుకూ రోడ్డు డబ్బు కడుతున్నాం. మన సందు వాటా మాత్రం అందులో రాయలేదు.

గ్రాంట్ల విషయానికొస్తే, 2021-22 నుంచి 2025-26 దాకా నడిచిన 15వ ఆర్థిక సంఘం దేశంలోని పట్టణ స్థానిక సంస్థలకు మొత్తం 1,21,055 కోట్లు సిఫారసు చేసింది. పది లక్షల జనాభా లేని పట్టణాల వాటా అందులో 82,859 కోట్లు. మా ఊళ్లన్నీ ఈ రెండో వర్గంలోనివే. 2011 లెక్కల్లో రాయగడ జనాభా 71 వేల పైచిలుకు, పర్లాకిమిడి 46 వేల పైచిలుకు. ఈ వర్గానికి ఇచ్చిన ప్రతి వంద రూపాయల్లో 30 మంచినీటికి, 30 పారిశుధ్యానికి కట్టేసి ఉండేవి. మిగిలిన 40 ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చన్నారు, జీతాలకు మాత్రం వాడకూడదన్నారు. రోడ్డు, కాలువ, వీధిదీపం, శ్మశానం, అన్నీ ఆ 40లోంచే. ఇంటిపన్ను కనీస రేట్లు ప్రకటించి, వసూళ్లు పెంచుకుంటూ పోవాలన్న షరతు కూడా పెట్టారు. షరతు న్యాయమైనదే. దేశంలో మున్సిపాలిటీలన్నిటి ఆదాయం కలిపినా జీడీపీలో ఒక శాతం దగ్గరే ఏళ్లుగా నిలిచిపోయిందని రిజర్వు బ్యాంకు 2022 నివేదికలో రాసింది. ఇంటిపన్ను పెంచుతామంటే ఓట్లు పోతాయని ప్రతి కౌన్సిలూ జంకుతుంది. మనమూ ఆ పన్ను తగ్గించుకోవడానికి రెండంతస్తుల ఇంటిని ఒకటిన్నర అని రాయించుకుంటాం. ఈ మాట మా వీధివాళ్లకు నచ్చదు, అయినా చెప్పాలి. మనం ఈ రోడ్డు ఏమైంది అని నిలదీసి అడగగలిగే డబ్బు అదొక్కటే.

ఇవి కాక ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు, ఎమ్మెల్యే నిధులు, రాష్ట్ర పథకాలు ఉన్నాయి. కోవిడ్ మొదట్లో, 2020 ఏప్రిల్‌లో, ఒడిశా ప్రభుత్వం పట్టణ కూలీలకు పని ఇచ్చే పథకం మొదలుపెట్టింది. తర్వాత అది ముక్తా పేరుతో నడిచింది. మహిళా సంఘాలు, మురికివాడల సంఘాలు చిన్న చిన్న కాలువలు, దారులు తామే కట్టుకున్నాయి. బస్తీ ఆడవాళ్లు తాపీ పనికి కొలతలు వేస్తుంటే నేను చూశాను. కాంట్రాక్టర్ వేసిన దానికంటే నేరుగా వేశారు.

ఇన్ని దారులున్నా దాదాపు ప్రతి పైసాకీ కొత్త పని అంటేనే ఇష్టం. కొత్త రోడ్డు వేస్తే శంకుస్థాపన ఉంటుంది, పేరు చెక్కిన రాయి ఉంటుంది. గుంట పూడిస్తే ఏముంటుంది? పల్లె రోడ్లకు ఈ విషయంలో ఒక మేలు జరిగింది. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో, రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు మరమ్మతు చూడాలని ఒప్పందంలోనే రాశారు. రోడ్డు పక్కన బోర్డు మీద ఆ తేదీలు కనిపిస్తాయి. కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఊరికి కూడా రోడ్డు అన్నారు కాబట్టి మన కొండ గూడేలకు మొదటిసారి తారు చేరింది. ఆ రోడ్డు వెడల్పు సాధారణంగా 3.75 మీటర్లు, తక్కువ బండ్ల కోసం వేసినది. ఇప్పుడు పట్టణం పాకి ఆ పల్లెను పట్టుకుంది. ఎడ్లబండ్లూ జీపులూ తిరగాల్సిన రోడ్డు మీద ఇసుక లారీలు, సిమెంటు లారీలు తిరుగుతున్నాయి. ఐదేళ్లూ అయిపోయాయి. దాన్ని పట్టణ రోడ్డుగా ఎవరూ తీసుకోలేదు.

పట్టణాలు పెరిగేది ఇక్కడే, ఈ శివార్లలోనే. 2011 జనాభా లెక్కల్లో ఒక విచిత్రం బయటపడింది. ఐదు వేల జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, పనిచేసే మగవాళ్లలో నూటికి 75 మంది వ్యవసాయం కాని పనుల్లో ఉంటే ఆ ఊరిని సెన్సస్ టౌన్ అంటారు. 2001లో దేశంలో ఇలాంటివి 1,362 ఉంటే 2011కు 3,894 అయ్యాయి. లెక్కలో అవి పట్టణాలు, పాలనలో పంచాయతీలు. మా వైపు పంచాయతీకి సొంత ఆదాయమంటే సంత వేలం, చెరువు వేలం లాంటివే ఎక్కువ. దాంతో నలభై ఇళ్ల కాలనీకి కాలువతో సహా రోడ్డు వెయ్యడం అయ్యే పని కాదు.

శివారులో నేల ముడి ఇంకా గట్టిది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా 1956 నాటి రెండో రెగ్యులేషన్ ఉంది. 2002 సవరణతో అది మరింత గట్టిపడింది. ఆ చట్టం ఉండాల్సిందే, లేకపోతే కొండల్లో భూమి మిగిలేది కాదు. దాని చాటున మాటల మీద, తెల్లకాగితాల మీద ప్లాట్లు అమ్మేవాళ్లే తప్పు చేస్తున్నారు. అలా లేచిన కాలనీకి లేఅవుట్ అనుమతి ఉండదు. లేఅవుట్ లేకపోతే దారిని స్థానిక సంస్థకు దానపత్రం రాసి అప్పగించడం జరగదు. అప్పగించని దారి మీద ప్రభుత్వ డబ్బు ఖర్చుపెడితే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. ఇంజనీరు "రికార్డులో రోడ్డుగా లేదు" అన్నప్పుడు చెప్పేది ఇదే.

దీనికి పూర్తిగా తిరగబడిన ఉదాహరణ కొటియా. కోరాపుట్ జిల్లా సరిహద్దులో 21 ఊళ్లు మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటున్నాయి. వివాదం 1968లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు కూడా జరిపింది. ఆ కొండ ఊళ్లలో పథకాలకు, పనులకు రెండు ప్రభుత్వాలూ పోటీ పడతాయి. ఎందుకంటే అక్కడ రోడ్డు వేయడమంటే హక్కు చాటుకోవడం. మా చింతచెట్టు అవతలి దారి మాది అని చాటుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

తవ్వకాల సంగతి కూడా చెప్పాలి. నీళ్ల పైపు, కరెంటు కేబులు, ఫోను తీగ, అన్నీ రోడ్డు కిందే. తవ్వేవాళ్లు ముందుగా పూడ్చే ఖర్చు కడతారు. ఆ డబ్బు ఖాతాలో పడుతుంది. ఆ ముక్కను పూడ్చాలంటే మళ్లీ ఎస్టిమేటు, మళ్లీ టెండరు. ముప్పై అడుగుల చిన్న పనికి కాంట్రాక్టర్ రాడు. పది ముక్కలు పోగయ్యేదాకా ఆగుతారు. ఈలోగా వానలు వస్తాయి.

ఆ తవ్వకం వల్ల ఓ మేలు మాత్రం జరిగింది. మా సిమెంటు రోడ్డు కోతలో దాని మందం బయటపడింది. పిల్లల స్కూలు స్కేలు తీసుకెళ్లి కొలిచాను. గోడ పక్కన ఆరు అంగుళాలుంది. నాలుగడుగులు లోపలికి జరిగితే నాలుగు అంగుళాలకు కాస్త తక్కువ. ఇది చిన్న తేడా అనిపిస్తుంది. వంద మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు రోడ్డును పదిహేను సెంటీమీటర్ల మందంతో వేస్తే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. పది సెంటీమీటర్లే వేస్తే 30 చాలు. ఒకటికి ఒకటిన్నర, మూడు పాళ్ల కాంక్రీటుకు ఘనపు మీటరుకు దాదాపు ఎనిమిది బస్తాల సిమెంటు అనుకుంటే, 120 బస్తాలు తేడా. ఇంజనీరు రాసే మెజర్‌మెంట్ బుక్కులో, అంటే ఎం.బి.లో, మందం ఎంత రాశారన్నదాన్ని బట్టే బిల్లు పాసవుతుంది. రోడ్డు వేసే రోజు ఎవరైనా నిలబడి స్కేలు పెడితే ఈ గొడవ ఉండదు. ఆ రోజు మేమందరం బడ్డీ దగ్గర టీ తాగుతూ రోడ్డొచ్చిందని సంతోషిస్తున్నాం.

ఇవన్నీ తెలుసుకోవడానికి తెలుగువాళ్లకు ఇంకో అడ్డు ఉంది, లిపి. పని వివరాల బోర్డు ఒడియాలో ఉంటుంది. భూమి రికార్డు చూపించే భూలేఖ్ సైట్లో ఖాతా, ప్లాటు నంబరు కొడితే ఆ నేల ఎవరి పేరున ఉంది, ఏ రకం అన్నది వస్తుంది. ప్రజల దారి అయితే రాస్తా అని ఉండాలి. అదీ ఒడియాలోనే. మనలో చాలామంది ఒడియా గడగడా మాట్లాడతారు, చదవలేరు. సమాచార హక్కు చట్టం ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషు, హిందీ లేదా ఆ ప్రాంత అధికార భాషలో ఉండాలి. కాబట్టి తెలుగులో రాస్తే తీసుకోవాలన్న నియమం లేదు. ఒడియా బడిలో చదివే మన పిల్లలు ఇంట్లోనే ఉన్నారు. మా వీధి దరఖాస్తు తొమ్మిదో తరగతి అమ్మాయి రాసింది. ఎస్టిమేటు, ఎం.బి. పేజీల నకలు, పని లోపాలకు కాంట్రాక్టర్ ఎన్నాళ్లు బాధ్యుడో చెప్పే ఒప్పందం, తవ్వకం డబ్బు కట్టిన రసీదు, ఈ నాలుగే అడిగాం. రుసుము పది రూపాయలు, గడువు ముప్పై రోజులు.

అడగడానికి కౌన్సిలర్ ఉండటం కూడా చిన్న విషయం కాదు. ఒడిశా పట్టణాల్లో చాలావాటికి 2013లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2018లో తీరిపోయింది. మళ్లీ ఎన్నికలు 2022 మార్చిలో గానీ జరగలేదు. నడుమ మూడేళ్లకు పైగా అధికారులే నడిపారు. 2022లో చైర్‌పర్సన్‌ను, మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకున్నారు.

మా దారి సంగతి. భూలేఖ్‌లో చూస్తే చెట్టు అవతలి నేల ఇంకా పాత రైతు పేరునే ఉంది. ఆయన పోయి పదేళ్లయింది. వారసులు ఆరుగురు. పోయిన ఆదివారం చెట్టు కింద కూర్చుని మాట్లాడుకున్నాం. పెద్దకొడుకు, "మేమూ అదే బురదలో నడుస్తున్నాం కదండీ, దారి రాసివ్వడానికి మాకేం అభ్యంతరం" అన్నాడు. ఐదుగురు సంతకాలు పెట్టడానికి ఒప్పుకున్నారు. ఆరో అతను సూరత్ మిల్లులో పనిచేస్తున్నాడు. ఫోను చేస్తే దసరాకు వస్తానన్నాడు.